ఇంటిపేరు పెట్టి పిలిస్తే

కరెంటు పోయింది. నెత్తిమీద ఫాను గరగరమంటూ నెమ్మదించి, ఇంకో చుట్టు తిరగాలా వద్దా అని తటపటాయించి ఆగిపోయాక, అంతవరకూ దాని రొద కింద అణిగి ఉన్న మరో చప్పుడు పైకి తేలింది. దళసరి కాగితం మీద వేలు నడిచే చప్పుడు. సర్రుమని కాస్త దూరం వెళ్ళి ఆగుతుంది, ఒక అంగుళం వెనక్కి వస్తుంది, మళ్ళీ ముందుకి పోతుంది. కుర్చీలో వెనక్కి వాలబోయిన సత్యప్రకాష్ సగంలో ఉండిపోయాడు. ఎవరైనా చదువుతుంటే వినడం అతనికి కొత్త కాదు. బడిలో చదువంతా ఎవరో ఒకరు చదివి పెడితే విన్నదే. వాళ్ళందరూ గొంతుతో చదివారు. ఒక మనిషి పెదవి కదపకుండా తనలో తను వేలితో చదువుకుంటుంటే, పక్కన కూర్చుని ఆ వేలిని వినడం మాత్రం ఇదే మొదలు. కొండల వైపు నుంచి తడిమట్టి వాసన వచ్చింది, చింతపల్లి రోడ్డు పొడుగునా ఎక్కడో గట్టిగానే కురుస్తోందన్నమాట, భార్య జెన్నీ స్కూటరు మీద తడిసిపోతుందేమో, చర్చి అయ్యాక తనని ఈ గుమ్మంలో దింపి, పొద్దున్నే బస్టాండులో విడిపించుకొచ్చిన పార్సిలు చేతిలో పెట్టి, "నానొచ్చీవరకూ ఎటూ కదలకు. ఆయన ఏటన్నా సరే, నువ్వు మాత్రం తొందరపడకు" అని ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళిపోయింది. తొందరపడకు అని చెప్పడం తేలికే. వైజాగులో ఎవరో యంత్రం మీద కొట్టి పంపిన ఆ కాగితాల్లో ఒక్క చుక్క అటూ ఇటూ అయినా ఎదురుగా కూర్చున్న ఈ పెద్దాయన ఇక జన్మలో చదవడు. ఆ సంగతి జెన్నీకీ తెలుసు, వంటింటి గుమ్మంలో నిలబడి ఊపిరి బిగబట్టిన ఆయన భార్య కమలాంబగారికీ తెలుసు.

అది తనకి తెలుగు చెప్పిన సోమయాజులు మాస్టారి కుడిచెయ్యి. ఆ చేతిని అతను కళ్ళతో చూసిన రోజులున్నాయి. తొమ్మిదో తరగతిలో బోర్డు మీద అక్షరాలు గుండ్రంగా, ఒక్కో అక్షరం విడిగా, తలకట్టు పూర్తయ్యేదాకా సుద్దముక్క ఎత్తకుండా రాసే చెయ్యి. రేచీకటిగా మొదలైన జబ్బు అప్పటికే చూపుని అంచుల నుంచి తినుకుంటూ వస్తోంది, గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో ఒక గుండ్రటి తునక మాత్రం మిగిలి ఉంది, ఆ తునకలో ఈ చెయ్యి ఉండేది, సుద్దపొడి అంటిన గోరు ఉండేది. బడి విడిచాక అందరూ పోతే ఆయన ఖాళీ గదిలో కూర్చుని పద్యాలు చదివి పెట్టేవారు, తను వింటూ కంఠతా పట్టేవాడు. తునక కూడా పోయింది. వైజాగు వెళ్ళి వేలితో చదివే చుక్కల లిపి, బ్రెయిలీ, నేర్చుకున్నాడు, మాట్లాడే కంప్యూటరు నేర్చుకున్నాడు, ప్రోగ్రాములు రాసే ఉద్యోగం దొరికి, ఇంటి నుంచే చేసుకోవచ్చంటే మళ్ళీ నర్సీపట్నం వచ్చేశాడు. వచ్చేసరికి మాస్టారికి నీటికాసులు. మందులు వేస్తూ వేస్తూ ఉండగానే వెలుతురు తగ్గిపోయింది. ఒకనాడు ఆటో దిగి, కమలాంబగారి భుజం పట్టుకుని తమ ఇంటికి వచ్చి, "ఏవోయ్, నీ అక్షరాలు నాకూ నేర్పుతావా?" అని అడిగారు. అక్షరాలన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవాడు ఆ వేళే పాఠం మొదలెట్టాడు.

కోడిగుడ్ల అట్టలోంచి ఆరు గుంటల ముక్క కత్తిరించింది జెన్నీ. ఆరు చుక్కల గడి అంటే చేతికి తెలియడానికి అంతకన్నా సుళువైన వస్తువు లేదు. గుంటల్లో నిమ్మకాయలు పెట్టి తడమాలి. కమలాంబగారు ఆ అట్టని ఇంట్లోకి రానివ్వడానికి ముందు పసుపునీళ్ళు చల్లి, ఎండబెట్టి, "చదువు కోసం కదా, దోషం లేదు" అని తనకు తానే చెప్పుకుని తెచ్చి బల్ల మీద పెట్టారు. నిమ్మకాయల నుంచి కాగితానికి రావడానికి చాలా కాలం పట్టింది. డెబ్బై దాటిన వేలు. అయినా ఆయన వదలలేదు, ఎందుకు వదలడం లేదో ఒకసారి చెప్పారు. "ఈవిడ రోజూ పేపరు చదివి పెడుతుందోయ్, బాగానే చదువుతుంది. కానీ విన్నది చదివినట్టు కాదు. నాకూ మాటకీ మధ్య ఇంకో గొంతు అడ్డం వస్తుంది." లోపల గిన్నె చప్పుడు ఆగిపోయింది. ఆయనకి వినపడలేదు, సత్యప్రకాష్‌కి వినపడింది. కొన్నాళ్ళకి కమలాంబగారు ఫోను చేసి, గొంతు తగ్గించి, "నాయనా, నేనేదో రాసేను. మా పుట్టింటి ఊరు, నాతవరం కబుర్లే, పెద్ద గొప్పేం కాదు. ఫోన్లో ఒక్క వేలితో కొట్టుకున్నాను. దాన్ని ఆ చుక్కల్లోకి మారుస్తావా? నువ్వు మాత్రం వినకు. ముందు ఆయన చదవాలి" అన్నారు. వినలేదతను. ఒక్క ముక్క వినలేదు. దస్త్రాన్ని ప్రోగ్రాముకి ఇచ్చాడు, ప్రోగ్రాము చుక్కలు ఇచ్చింది, అచ్చు కొట్టమని వైజాగు పంపాడు.

అది పోయిన నెల మాట. ఆ కట్ట వచ్చిన రోజున మాస్టారు మొదటి వరుస మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచారు. మళ్ళీ మొదటికి వచ్చారు. "బావుందోయ్" అన్నారు. ఆ 'బావుందోయ్' ఎంత బోలుగా ఉందో అప్పుడే పట్టుకోవలసింది, తను ఆ వేళ సంబరంలో ఉన్నాడు. తరవాత పాఠానికి రమ్మంటే ఒంట్లో బాగోలేదన్నారు, ఇంకోసారి ఎవరో చుట్టాలొచ్చారన్నారు, చివరికి జెన్నీతో కోడిగుడ్ల అట్ట తిరిగి పంపేశారు. "షుగరు కదమ్మా, వేళ్ళు మొద్దుబారిపోయేయి. వాడికి చెప్పు, ఇక శ్రమ పడొద్దని." కమలాంబగారు మళ్ళీ ఫోను చేశారు. "ఆ కాగితాలు బీరువాలో పెట్టేసేరు నాయనా. వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటూ కూచుంటున్నారు. మాటామంతీ లేదు. నేను రాసింది అంత చెత్తగా ఉందా అని అడుగుదామంటే, చదవనేలేదాయె."

సత్యప్రకాష్ వచ్చి బీరువాలోంచి తీయించి తనే వేలు పెట్టాడు. మా, అని ఉంది. తరవాత అ. తరవాత మ. తరవాత మళ్ళీ మ, దాని ముందు పొల్లు చుక్క. మా అమమ్. ఇంకో వరుస కిందికి వెళ్ళాడు, అక్కడా అంతే, ఎక్కడెక్కడ వత్తు ఉందో అక్కడల్లా మాట నడుం విరిగి పడి ఉంది. కంప్యూటరు లోపల 'అమ్మ' అంటే అ, మ, పొల్లు, మ. చుక్కల లిపిలో ఆ పొల్లు మ కంటే ముందు రావాలి. అక్షరాన్ని అక్షరంగా పట్టుకుని తిప్పితేనే అది కుదురుతుంది, దేనికది ముక్కలుగా విరిచి వరసగా పేర్చితే అమ్మ కాస్తా అమమ్ అవుతుంది. జీవితమంతా తెలుగు చెప్పిన మనిషి మొదటి వరుసలోనే ఆ మాట మీద వేలు పెట్టి, అది తన వేలు చేసిన అపచారమే అనుకున్నాడు. కాగితం తప్పయి ఉంటుందన్న ఊహ కూడా రాలేదాయనకి. శిష్యుడి పని కదా, తప్పెందుకుంటుంది? "మాస్టారూ, మీ ఏలు బానే ఉంది. కాయితమే తప్పండి" అని చెప్పాడు ఆ రోజు. ఆయన నవ్వి, "ముసలాణ్ణి ఊరడించకోయ్" అన్నారు. నమ్మలేదు. మాటలతో నమ్మించే పని కాదు.

వేలు ఆగింది. ఫాను ఆగిన గదిలో సత్యప్రకాష్ చెవి అటు పెట్టాడు. కాగితం తిప్పిన చప్పుడు. ఓహో, పేజీ అయిందన్నమాట. ఒక పేజీ పూర్తిగా అయింది.

కాగితంలో తప్పు దొరికిన మర్నాడు తెల్లవారుజామున, పక్కింటి కోళ్ళ గోల మొదలవుతుండగా, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని తన ప్రోగ్రామును మొదటి వరుస నుంచి విన్నాడు. కళ్ళున్నవాళ్ళకి ప్రోగ్రాము ఒక పటంలా కనపడుతుందట, అతనికి అది ఒకదాని వెనక ఒకటి నడిచొచ్చే మాటల వరుస. ఈ ప్రోగ్రాము భాష అంటే అతనికి మొదట్నుంచీ ఇష్టం. ఇందులో పనంతా ఫంక్షన్లదే. ఒక ఫంక్షనుకి ఏదో ఒకటి ఇస్తాం, అది ఇంకోటి ఇస్తుంది, అంతే. పక్కచూపులు చూడదు, నిన్న ఏమిచ్చావో గుర్తు పెట్టుకోదు, ఇచ్చింది దాచుకోదు. అందుకే వినడానికి బాగుంటుంది, మధ్యలో ఎక్కడ మొదలెట్టి విన్నా దారి తప్పవు. కానీ ఆ వేళ విన్నది వేరు. ఓపెన్ అక్షర, అంది కంప్యూటరు. అక్షర అనే లైబ్రరీ, అంటే ఎవరో రాసిపెట్టిన ఫంక్షన్ల మూట, దాని తలుపులు బార్లా తెరిచి అందులో ఉన్న ఫంక్షన్లన్నిటినీ లోపలికి రమ్మన్నట్టు. ఓపెన్ టెక్స్ట్, అంది తరవాత. అది ఇంకో లైబ్రరీ. కమలాంబగారు ఫోన్లో కొట్టేటప్పుడు అడ్డదిడ్డంగా పడిన ఖాళీలు తుడవడానికని ఆఖర్లో తెచ్చిందే. తుడిచే ఫంక్షను ఒక్కటి కావాల్సొచ్చి ఊరందర్నీ పిలిచాడు. వచ్చిన వాళ్ళలో 'స్ప్లిట్' అని ఒకటుంది, విడదీసేది. అక్షర లైబ్రరీలోనూ 'స్ప్లిట్' ఉంది. అదీ విడదీసేదే, కాకపోతే వత్తునీ గుణింతాన్నీ చెదరనివ్వకుండా అక్షరాన్ని అక్షరంగా విడదీస్తుంది. టెక్స్ట్‌లోది ఎక్కడో ఎవరో ఇంగ్లీషు రాతకోసం రాసుకున్నది, గుర్తుకి గుర్తు విరిచేస్తుంది. రెండూ పుచ్చుకునేది రాతే, ఇచ్చేది ముక్కల వరసే. ప్రోగ్రాములో తప్పులు పట్టే కంపైలరు అనే ఆ నిఘా కళ్ళాయనకి అనుమానం రావడానికి ఏమీ లేదు. వెనక వచ్చినవాడు ముందున్నవాణ్ణి నెట్టి కూర్చున్నాడు. చప్పుడు లేదు, గొడవ లేదు. స్ప్లిట్ అని పిలిస్తే పలికింది వాడే.

వినపడనే లేదు కదా అని ఆశ్చర్యపోయాడు అప్పుడు. తన బతుకంతా ఎవరు పలుకుతున్నారో వినిపట్టుకోవడమే. గుమ్మంలో చెప్పులు విడిచే తీరుని బట్టి మనిషిని చెప్పగలడు. స్ప్లిట్ అన్న పిలుపుకి ఎవరు పలికారో మాత్రం అడగలేదు. చర్చి పాటల గుంపులో ఇద్దరు లీలలున్నారు. అందులో ఒకావిడ తన తల్లి. పాస్టరుగారు "లీలా, ఎత్తుకో అమ్మా" అంటే ఇద్దరూ ఒకేసారి ఎత్తుకునేవారు, ఒకరిది ఎగువ శ్రుతి, ఒకరిది దిగువ, అందరూ నవ్వేవారు. ఎవరూ పేర్లు మార్చలేదు. రావికమతం లీల, కొత్తకోట లీల అన్నారు, సరిపోయింది. ఊరంతా అంతే కదా, ఇంటిపేరో ఊరిపేరో చేర్చకుండా ఎవర్ని పిలుస్తారు? పెళ్ళిపందిట్లో నిలబడి పెద్దమ్మా అని అరిస్తే ఎంతమంది తిరుగుతారు! ఇంతోటి జ్ఞానం పుట్టుకతో వచ్చినవాడు కంప్యూటరు ముందు కూర్చోగానే మరిచిపోయాడు. ఆ తెల్లవారి కూర్చుని రెండు ఓపెన్‌లూ తీసేశాడు. తీసెయ్యగానే కంపైలరు గగ్గోలెత్తింది, ఇది ఎవరు, అది ఎవరు, ఈ పేరుగలవాళ్ళు నాకు తెలీదు అని. ఎంత బాగుందో ఆ గగ్గోలు. ఒక్కొక్కదానికీ సమాధానం చెప్పుకుంటూ వచ్చాడు. ఇది అక్షర డాట్ స్ప్లిట్. అది టెక్స్ట్ డాట్ ట్రిమ్, ఖాళీలు తుడిచేది. టెక్స్ట్ నుంచి అదొక్కటే చాలు, మిగిలినవాళ్ళు ఎవరిళ్ళల్లో వాళ్ళుండొచ్చు. ఇంటిపేరు, చుక్క, పేరు. గగ్గోలు సన్నబడుతూ వచ్చి, ఒకే ఒక్క ఫిర్యాదుగా మిగిలి, అదీ పోయి, నిశ్శబ్దం. మొదటి నుంచి మళ్ళీ విన్నాడు. ప్రతి వరుసా తను ఎవరి బిడ్డో చెప్పుకుంటూ నడిచింది. ఆఫీసువాళ్ళిచ్చిన చుక్కల పలక మీద 'అమ్మ' అని పంపితే, కింది నుంచి పిన్నులు చిటుక్కున లేచి వేలిని తాకాయి. అ. పొల్లు. మ. మ. జెన్నీని లేపి ఆమె వేలు పట్టుకుని దాని మీద పెట్టాడు. ఆమెకి చుక్కలు రావు. "ఏటిది?" అంది నిద్రమత్తులో. "అమ్మ" అన్నాడు. ఆమె వేలు తియ్యకుండా కాసేపు అలాగే ఉంచింది. ఆ వేళే కొత్త చుక్కలు వైజాగు పంపాడు, ఇవాళ పొద్దున వచ్చిన పార్సిలు అదే.

అక్షరాన్ని చెదరనివ్వని ఆ ఫంక్షను రాసిందెవరో. అతనికి ఇప్పటికీ తెలియదు. లైబ్రరీకి ఒక పేరుంది, రాసినవాళ్ళ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఏదో ఉంది, ఆడో మగో, ఏ దేశమో. ఎక్కడో ఒక గదిలో ఒకరు కూర్చుని తెలుగు అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలుసుకుని, నాలుగు వరుసల్లో రాసి, ఎవరికి కావాలంటే వాళ్ళు పిలుచుకోండి అని వదిలేసి పోయారు. నర్సీపట్నమని ఒక ఊరుందని వాళ్ళకి తెలిసి ఉండదు. సోమయాజులు మాస్టారికి నీటికాసులని తెలియదు, కమలాంబగారు పప్పు పొయ్యి మీద పెట్టి ఒక్క వేలితో ఫోన్లో కొట్టుకున్నారని తెలియదు. తెలియక్కర్లేదు. పేరు పెట్టి పిలిస్తే వచ్చి, ఇచ్చింది పుచ్చుకుని, ఇవ్వాల్సింది ఇచ్చి, తలొంచుకుని వెళ్ళిపోతుంది. రేపూ అంతే, వాళ్ళు పోయాకా అంతే, తను పోయాకా అంతే. 'అమ్మ' ఇస్తే ఎప్పుడూ అమ్మే. చర్చిలో ప్రార్థనకి మోకాళ్ళ మీద ఉన్నప్పుడు, కళ్ళు మూసుకున్నా తెరిచినా ఒకే చీకటైన మొదటి రోజుల్లో, తన చుట్టూ ఏదో పెద్దది ఉందని, తనని ఎరగకపోయినా తనకోసం ఉందని ఒళ్ళు జలదరించేది. అలాంటిదే ఇది కూడా. ఆ మాట పాస్టరుగారితో అంటే కోప్పడతారేమో గానీ, అబద్ధం కాదు. కమలాంబగారి మాటలు తన ప్రోగ్రాములోంచే నడిచి వెళ్ళాయి, తను ఒక్కటీ వినలేదు, ప్రోగ్రామూ ఒక్కటీ దాచుకోలేదు. ఆవిడ వేలి నుంచి ఆయన వేలికి. మధ్యలో అడ్డం వచ్చిన గొంతేదీ లేదు.

ఇంకో పేజీ తిరిగింది. ఇప్పుడు వేలి నడక మారింది, వెనక్కి రావడం తగ్గింది, సాగుతోంది. మాస్టారి ముక్కులోంచి ఊపిరి బరువుగా వస్తోంది, ఒకచోట ఊఁ అన్నారు, ఎవరో కబురు చెబుతుంటే అన్నట్టు. బయట వాన అందుకుంది. అరుగు మీది రేకు మీద మొదట విడివిడిగా, తరవాత ఒకటే మోత. వంటింటి గుమ్మంలో గాజులు ఒకసారి కదిలి మళ్ళీ ఊరుకున్నాయి. ఆవిడ ఎంతసేపని నిలబడి ఉంటారు, కూర్చోమందామా అనుకున్నాడు.

అంతలో వేలు ఆగింది. ఈసారి పేజీ తిప్పడానికి కాదు. వెనక్కి వచ్చింది. మళ్ళీ అదే చోటికి వెళ్ళింది. మళ్ళీ వెనక్కి.

"పోయిందోయ్" అన్నారు మాస్టారు. "ఇక్కడ పోయింది. 'నీళ్ళు' ఉండాలి. ళ్ళ లేదు. ల తగులుతోంది నాకు. వత్తే లేదు. నే చెప్పలేదూ, వేళ్ళు మొద్దుబారేయని."

వత్తు. మళ్ళీ వత్తే. సత్యప్రకాష్ లేవబోయి, బల్ల కోడు తగిలి, తడుముకుంటూ ఆయన పక్కకి చేరాడు. ఆయన తన చెయ్యి తీసి అతని చేతిని ఆ చోట పెట్టారు, ఆ వేళ్ళు ఇంకా నూనె వాసన వేస్తున్నాయి. న, ఈ, ల. నిజమే, పొల్లు లేదు, ళ లేదు. ఇంకా ఎవరైనా దూరారా? తను చూడని తలుపు ఇంకోటుందా? అందర్నీ అడిగాను కదా, ఇంటిపేరు చెప్పని వాళ్ళెవర్నీ లోపలికి రానివ్వలేదు కదా. ఆ ఆలోచన అక్కడ ఆగింది, దాని వెనకే ఇంకోటి వచ్చింది, స్థిమితంగా. ఆ ఫంక్షనుకి నిన్న లేదు, ఇవాళ లేదు. మొదటి పేజీలో ఒకలా మూడో పేజీలో ఒకలా ఉండడం దానికి చేతకాదు.

"మాస్టారూ, ఇందాకటి నుంచీ ఎక్కడైనా ళ్ళ తగిలిందేటండి?"

ఆయన ఆలోచించారు. "తగిలింది. మొదట్లోనే, 'మా ఇళ్ళు' అని. తరవాత 'పెళ్ళి' అనీ ఉంది. ఈవిడ అక్కగారిది."

"అక్కడ సరిగ్గా ఉందా?"

"ఉంది. చక్కగా ఉంది. పొల్లు, ళ, ళ."

"అలాగైతే ఇక్కడా సరిగ్గానే ఉంటాదండి." తన గొంతు తనకే కొత్తగా వినపడింది, అంత నమ్మకం అందులోకి ఎలా వచ్చిందో. "ఒకసోట ళ్ళ ఇస్తే ఇంకోసోట ల ఇవ్వడం దానికి రాదు మాస్టారూ. ఇక్కడ ల ఉందంటే, రాసినదే ల. మీ ఏలూ తప్పు కాదు, అదీ తప్పు కాదు."

వాన మోత. అప్పుడు గుమ్మంలోంచి, ఇంతసేపూ బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి వదిలినట్టు, కమలాంబగారు నవ్వారు.

"అది నా మాట కాదండీ. సింగన్న మాట. కాలవ కాపలా సింగన్న లేడూ? మొదటిసారి తాండవ ఆనకట్ట నీళ్ళు కాలవకి వదిలిన రోజున గట్టు మీద పరిగెట్టుకుంటూ, ఊరు ఊరంతా లేచేలా అరిచేడని చెప్పలేదూ మీకు? వాడెలా అరిచేడో అలాగే రాసేను. సింగన్న ళ్ళ అంటాడేవిటీ?"

మాస్టారు సత్యప్రకాష్ చెయ్యి తీసి పక్కన పెట్టారు. మెల్లగానే, కానీ తనది తను తీసుకున్నట్టు. వేలు మళ్ళీ ఆ చోటికి వెళ్ళింది. ఈసారి పెదవులు కదిలాయి, సన్నగా, ఒక్కో అక్షరం.

"నీ... లొ... చ్చే... త్త... న్నా... యి." ఆగారు. మళ్ళీ, ఒక్క ఊపున. "నీలొచ్చేత్తన్నాయి! నీలొచ్చేత్తన్నాయిరో!"

ఆ అరుపు డెబ్బై దాటిన బ్రాహ్మడి గొంతులోంచి వచ్చింది, కానీ గొంతు ఆయనది కాదు. ఎవరో సన్నటి మనిషి, గోచీ బిగించుకుని, రొప్పుతూ, గట్టు మీద పరిగెడుతున్న మనిషి. సత్యప్రకాష్ పుట్టక ముందు అరిచిన అరుపు. అరిచినవాడు పోయి ఎన్నాళ్ళయిందో. ఒకావిడ చెవిలో ఉండిపోయి, ఆవిడ వేలిలోంచి ఫోన్లోకి దిగి, ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు రాసిన నాలుగు వరుసల్లోంచి చెక్కుచెదరకుండా దాటి, చుక్కలయి, బస్సెక్కి వచ్చి, ఇదిగో ఈ గదిలో మళ్ళీ అరుపయింది. ఆ ల ని ఎవరూ దిద్దలేదు. దిద్దగలిగినవాడు ప్రపంచంలో ఒక్కడే, తెలుగు మాస్టారు, ఆయన కూడా దిద్దకుండా నవ్వుతున్నాడు. నవ్వుతున్నాడా? ఊపిరి తెగి తెగి వస్తోంది, నవ్వో ఏడుపో పోల్చుకోవడం ఇంత వినడం వచ్చినవాడి వల్ల కూడా కావడం లేదు.

"కమలా," అన్నారు. "ఇలా రాస్తావని నాకు తెలీదే."

"నాకు మాత్రం తెలుసా?" అన్నారావిడ.

"తరవాతేమయింది?"

"చదవండి మరి. నన్నడుగుతారేవిటి?"

వేలు కదిలింది. ఇప్పుడది ఆగడం లేదు, తడబడడం లేదు. ఎక్కడో ఒక మాట దగ్గర తటపటాయించి తనంతట తనే దాటిపోతోంది. కమలాంబగారు కాఫీ తెచ్చి బల్ల మీద ఒకటి, సత్యప్రకాష్ చేతిలో ఒకటి పెట్టారు. తాగాడు, ఎంత వేడిగా ఉందో గమనించనే లేదు. ఆయన గ్లాసు కదిలిన చప్పుడు రాలేదు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళలేదు, బల్ల అవతల ఎక్కడో నిలబడే ఉన్నారు, కుంకుడుకాయ రసం వాసన అక్కడి నుంచే వస్తోంది. తను రాసింది ఒక మనిషి చదువుతుంటే చూడడం, ఈ వయసులో, మొదటిసారి. ఆవిడ చూస్తున్నారు, తను వింటున్నాడు, ఆయన మాత్రం ఈ ఇద్దరికీ అందనంత దూరం వెళ్ళిపోయారు. ఎక్కడున్నారో, ఏ వరుసలో, ఏ గట్టు మీద. అడగాలనిపించలేదు. ఆ కబుర్లు ఏమిటో ఇప్పటికీ అతనికి తెలియదు. తెలుసుకోవాలన్న ఆత్రం కూడా లేదు, అంత నిండుగా ఉంది లోపల.

బయట హారను మోగింది, రెండుసార్లు, జెన్నీది. సత్యప్రకాష్ లేచి నిలబడ్డాడు.

"ఎల్లొస్తానండి మాస్టారూ."

కాగితం తిరిగింది. కాస్త గట్టిగా మళ్ళీ అన్నాడు. వేలు నడుస్తూనే ఉంది.

కమలాంబగారు వచ్చి అతని మోచెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకొచ్చారు. ఆవిడ చెయ్యి వెచ్చగా ఉంది. చెవి దగ్గరగా, వాన చప్పుడు మీంచి, ఆయనకి వినపడకూడదన్నట్టు అన్నారు. "నువ్వెళ్ళు నాయనా. ఆయన ఇక్కడ లేరు. మా నాతవరంలో ఉన్నారు."

మెట్టు దిగితే నీళ్ళు చెప్పుల్లోకి వచ్చాయి. జెన్నీ గొడుగు పట్టుకుని ఎదురొచ్చింది, ఆమె మీద మందుల వాసన, తడిసిన చున్నీ వాసన. "ఏటయ్యింది? బేగి సెప్పు. సదివేరా?" అని అడుగుతోంది, చెయ్యి పట్టుకుని ఊపుతోంది. అతను స్కూటరు సీటు మీది నీళ్ళు అరచేత్తో తుడిచాడు, తుడిచినదే మళ్ళీ తుడిచాడు. చెప్పడానికి చాలా ఉంది గానీ మాట ఒకటే వచ్చింది.

"సదువుతున్నారు."